నా చేతులతోనే తీసిచ్చిన గొలుసు

పోయిన ఏడాది మా పాప దేవి జ్వరంతో చనిపోయింది. దాని గొలుసు నేనే మెడలో వేసుకొని ఉంటిని. ఒకనాడు కడత్తూరు పోయేదానికి తమిళనాడు ధర్మపురి బస్టాండులో కూర్చొని ఉంటే, పట్టుచీర కట్టుకున్న ఒకామె పక్కకు వచ్చింది. "ఏమక్కా, మొగం అట్ల వాడిపోయింది?" అని తెలుగులో అడిగింది. చుట్టూ అరవమే వినిపించే చోట ఆ పలకరింపు నాకు హాయిగా అనిపించింది. ఆమె నా కళ్లలోకి చూసింది. అంతవరకే తెలుసు. తెలివి వచ్చేసరికి ఆమె లేదు, మెడలో గొలుసు లేదు.

మా ఆయన వచ్చి పోలీసుల దగ్గరికి పిల్చుకొని పోయినాడు. వాళ్లు బస్టాండు కెమెరాలో పడింది చూపించినారు. నేనే గొలుసు తీసి ఆమె చేతిలో పెడుతున్నాను. పైగా నవ్వుతున్నాను.

"పాప పోయినాక నువ్వు నవ్వింది నేను చూడలేదే! ఆమె ఏం చెప్పింది?" అన్నాడు మా ఆయన.

ఎంత తలచుకున్నా ఒక్క మాటా గుర్తుకు రాలేదు. "పాప వచ్చింది, గొలుసు అడుగుతోంది అనిందేమో" అని ఏడ్చినాను. ఆయన కూడా అక్కడే ఏడ్చినాడు.

గొలుసు దొరకలేదు. అది మోసమని నాకు తెలుసు. అయినా అంత నవ్వు నవ్వినప్పుడు నా కళ్ల ముందు నా బిడ్డే ఉండి ఉంటే, దాన్ని చూసిన గుర్తు కూడా నాకు మిగలకుండా పోయిందే అని ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

- సరోజ, కడత్తూరు