వెయ్యి పక్కన ఒకటి

మూడో తరగతిలో రెండోసారి కూర్చున్నాను నా చిన్నప్పుడు, కిషన్‌బాగ్ బడిలో. ఈసారి కూడా తప్పితే బడి మాన్పించి పనికి పంపుతానని మా అమ్మ గట్టిగా చెప్పేసింది. అక్షరాలు నా కంటికి చీమల్లా పాకేవి. అంకెలంటేనే కాస్త ధైర్యం, అదీ పక్కింటి ఖాలా దయే. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని.

ఖాలా చెక్క చట్రానికి బట్ట బిగించి పత్తర్‌గట్టి దుకాణాలకు జరీ పని చేసేది. బడి గడప తొక్కలేదు. బట్టల మీద నమూనాలు గీసే వాళ్ల నాయన ఆమెకు లెక్కలు నేర్పాడట. కింద రాలిన చమ్కీలు ఏరి ఇస్తుంటే ఒకరోజు నాకో తమాషా చెప్పింది. ఏవైనా మూడంకెలు రాసి, పక్కనే మళ్లీ అవే రాయాలి. ఆ పెద్ద సంఖ్యను ఏడుతో భాగించినా, పదకొండుతో భాగించినా, పదమూడుతో భాగించినా శేషం మిగలదు. ఎందుకో చెప్పబోతే నేను వినకుండా ఆటకు పరిగెత్తాను.

బడికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజు పంతులమ్మ నన్ను లేపి, వచ్చిన లెక్క ఏదైనా చేసి చూపమంది. మూడంకెలు చెప్పమన్నాను. రెండు వందల యాభై ఆరు అంది ఇన్‌స్పెక్టరమ్మ. రెండుసార్లు రాస్తే చాలు. నేను కొవ్వెక్కి నల్లబల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా నాలుగుసార్లు రాశాను. మొత్తం పన్నెండు అంకెలు. ఆమె తానే సుద్ద తీసుకుని ఏడుతో భాగించింది. వచ్చినదాన్ని పదకొండుతో, దాన్ని మళ్లీ పదమూడుతో. ఎక్కడా శేషం లేదు. చివరికి బల్ల మీద ఆ పక్కన రెండు వందల యాభై ఆరు, ఈ పక్కన రెండు వందల యాభై ఆరు, నడుమ మూడు సున్నాలు మిగిలాయి.

“ఎవరు నేర్పిన్రే నీకు?” అంది పంతులమ్మ.

అప్పుడే గుమ్మంలో ఖాలా కనిపించింది. నేను మరిచిపోయిన అన్నం గిన్నె పట్టుకుని, ముసుగు పైకెత్తి బల్లనే చూస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

“ఎవ్వరు నేర్పలే. నేనే కనిపెట్టిన” అన్నాను, ఆమెను చూస్తూనే. సిగ్గులేని నోరు.

పంతులమ్మ అటు తిరిగింది. “ఏందమ్మా, ఇంటికాడ గూడ గిట్లనే లెక్కలు చేస్తదా?”

“నాకేం ఎర్క మేడం, సూది పనిదాన్ని. పోరి మస్తు హుషార్” అని, గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ మాట మీద నన్ను నాలుగో తరగతికి ఎక్కించారు.

ఆ సాయంత్రం ఖాలా నన్ను పిలిచింది. చట్రం పక్కన కూర్చోబెట్టుకుంది. “గదెందుకు శేషం లేకుండ పోతదని అడిగితే ఏం చెప్తుంటివి బేటీ? విను. వెయ్యి పూలు కుట్టమంటే ఏడేడు వరసలు కలవయ్. ఒక్కటి కలిపి వెయ్యిన్నొకటి చేస్తే ఏడుకు కలుస్తయ్, పదకొండుకు కలుస్తయ్, పదమూడుకు గూడ కలుస్తయ్. మూడంకెలు రెండుసార్లు రాసుడంటే, గా అంకెను వెయ్యిసార్లు తీస్కొని ఇంకొక్కసారి కలుపుడే. గా ఒక్కటి తీసేస్తే తమాషా ఖతమ్.”

తప్పయిందని చెబుదామనుకున్నాను. రాలిన చమ్కీలు ఏరి ఆమె చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.

నాలుగో తరగతిలో కష్టమైన లెక్క వచ్చినప్పుడల్లా, కనిపెట్టినదానివి కదా చెయ్యి అని నన్నే లేపేవారు. నాకు వచ్చేది కాదు. ఖాలాను అడుగుదామంటే ఏ ముఖంతో అడగను? ఆమె గుమ్మం ముందు నడవలేక వెనక గల్లీలోంచి తిరిగి వచ్చేదాన్ని. ఆరు నెలలకు బడి మానేశాను. మా అమ్మ మాన్పించలేదు, నా సిగ్గే మాన్పించింది. ఆ తర్వాత ఖాలా వాళ్లు ఇల్లు మారిపోయారు. నాకు ఇవాళ్టికీ సంతకం, అంకెలు తప్ప రాయడం రాదు. ఇదంతా మా ఆయన బతికుండగా ఆయనకు కూడా చెప్పలేదు.

నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు ఇక్కడ కలం ఆపింది. “పంతులమ్మ అడిగిందే నేనూ అడుగుతున్న. ఈ లెక్క నీకెవరు నేర్పిన్రు నానమ్మా?” అంది.

పక్కింటి ఖాలా నేర్పింది అన్నాను. మూడే మాటలు. ఆ రోజు బడి గుమ్మంలో ఖాలా ఎదురుచూసింది వీటికోసమే.