మార్తక్క పిల్లి

మార్తక్క పిల్లి కనబడకుండా పోయినప్పుడు నన్నెవరూ అడగలేదని, అందుకే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమె అడిగింది. నేను జవాబు కూడా చెప్పాను. ఆ జవాబును సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. బొగ్గు బాయిలో, అంటే గనిలో, దిగి పనిచేసినవాణ్ణి. లోపల ఏదో కనబడిందని తోటివాళ్ళు చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి. పిల్లి ఎదురొస్తే మాత్రం ఆగేవాణ్ణి. బాయికి పోయే మనిషికి పిల్లి అడ్డంగా వస్తే ఇంట్లోకి తిరిగిపోయి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా నాయన అట్లా చేసేవాడు, నేనూ చేశాను. ఈలోపు హాజరు టైము దాటితే ఆ రోజు పని పోయినట్టే.

కొత్తగూడెంలో మా క్వార్టర్‌కు ఒకపక్క మార్తక్క, ఇంకోపక్క లచ్చక్క ఉండేవాళ్ళు. నాకిద్దరూ సొంత అక్కల లెక్క. మార్తక్క చర్చికి పోయిన రోజు ఆమె పొయ్యి మీది కూర లచ్చక్క చూసుకునేది. లచ్చక్క పిల్లలకు జడలు మార్తక్కే వేసేది.

మార్తక్క పిల్లి తెల్లది. ఎడమ చెవి చీలి ఉండేది. పొయ్యిలోకి తెచ్చుకున్న బొగ్గుకుప్ప మీద పడుకునేది కాబట్టి దాని కాళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఒక ఎండాకాలం ఏమయిందో, నేను మొదటి షిఫ్టుకు గడప దాటగానే అడ్డం వచ్చేది. ఒకసారి కాదు. నేను ఆలస్యంగా పోవడం, హాజరు దొరక్క వెనక్కి రావడం మామూలైపోయింది. "పిల్లి పర్మిషన్ ఇచ్చిందారా ఇయ్యాల?" అని బాయి దగ్గర తోటివాళ్ళు అందరి ముందు ఆటపట్టించేవాళ్ళు.

ఒకరోజు తెల్లవారక ముందే దాన్ని సిమెంటు సంచిలో వేసి, బండి మీద మణుగూరు రోడ్డెక్కాను. అడవిలో ఇళ్ళు లేనిచోట సంచి మూతి విప్పాను. బయటికి వస్తూనే నా ఎడమ మణికట్టు చీరేసింది. పారిపోతుందనుకున్నాను. పోలేదు. రోడ్డు మధ్యలో కూర్చుని నన్నే చూసింది. బండి తిప్పుకొని వచ్చేశాను.

సాయంత్రం మార్తక్క మా గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. తన కోడిపిల్లల్ని తిన్నదని లచ్చక్క అంతకుముందే ఆ పిల్లిని చంపుతానని తిట్టింది. "తమ్మీ, నువ్వు పొద్దుగాలనే లేస్తవ్ గద. లచ్చక్కను గిట్ల ఏమన్న చూసినవా?" అని అడిగింది.

మణికట్టు వెనక్కి పెట్టుకున్నాను. "సంచి పట్టుకొని పోతుంటే చూసినట్టే ఉందక్కా" అన్నాను.

ఆ ఒక్క మాటతో అంతా అయిపోయింది. లచ్చక్క తన కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఎవరూ నమ్మలేదు. నీళ్ళ బంబు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు పక్కకు జరిపేవాళ్ళు. చివరికి వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి కల్లూరుకు, ఆమె పుట్టింటి ఊరికి వెళ్ళిపోయారు. సామాను ఎక్కించడానికి నేనే చెయ్యి వేశాను.

ఈమధ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని చూడటానికి వెళ్ళాను. క్యాట్ కెఫే అని ఒకటి ఉంది, పిల్లుల మధ్య కూర్చుని కాఫీ తాగొచ్చని తీసుకెళ్ళింది. ఏసీ గది, అద్దంలాంటి నేల. చెప్పులు బయట విడిచి, చేతులు శుభ్రం చేసుకున్నాకే లోపలికి పంపారు. బొచ్చు పిల్లులు మెత్తల మీద పడుకుని ఉన్నాయి. ఒక్కటీ నా దరికి రాలేదు.

కాఫీ అయ్యాక లేచాను. తెల్లపిల్లి ఒకటి నా ముందు నుంచి అడ్డంగా పోయింది. అలవాటు చొప్పున కూర్చున్నాను. మా అమ్మాయి నవ్వింది. "ఇక్కడ కూడానా డాడీ?" అంది. నీళ్ళు తాగి మళ్ళీ లేచాను. మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి. తలుపు నాకు ఎదురుగానే ఉంది, నేను మాత్రం అక్కడికి చేరలేకపోతున్నాను.

మా అమ్మాయి బిల్లు కట్టడానికి వెళ్ళింది. అప్పుడది నా ఒళ్ళోకి ఎక్కింది. ఎడమ చెవి చీలి ఉంది. ముందుకాళ్ళు నా చొక్కా మీద ఆనించి మొహంలోకి చూసింది. గుర్రుమనలేదు. తర్వాత తొందరేమీ లేనట్టు, పాత మచ్చ మీదుగానే నా మణికట్టును గీరింది. కొస నుంచి కొసదాకా. చెయ్యి లాక్కోవాలని కూడా నాకు తోచలేదు.

రక్తం చూసి అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చెవి చీలిన తెల్లది అని చెప్పాను. అలాంటిది తమ దగ్గర లేదంది. ఒక్కో పిల్లినీ ఎత్తుకొచ్చి చూపించింది. నిజంగానే లేదు. తెల్లపిల్లి అడ్డం రావడం మా అమ్మాయి చూసింది. చెవి గమనించలేదంటుంది.

నా చొక్కా మీద మాత్రం రెండు నల్లటి అడుగులున్నాయి. వేళ్ళతో నలిపి చూశాను. బొగ్గు. దాన్ని ముట్టుకుని పోల్చుకోవడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆ గదిలోకి అది ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. దవాఖానాలో సూదులు వేశారు, మందు రాశారు. గీత మానినట్టే మాని మళ్ళీ ఎర్రబడేది.

తిరిగొచ్చాక కొత్తగూడెంలోనే ఉంటున్న మార్తక్క దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడామెకు కాళ్ళు సరిగా లేవు, గుమ్మం పక్కనే మంచం మీద కూర్చుంటుంది. అంతా చెప్పాను. సంచి సంగతి, మణుగూరు రోడ్డు, నేనాడిన మాట. చెప్పి చెయ్యి చూపించాను. ఆమె చేతి వైపు చూడలేదు. నా మొహంలోకే చూసింది.

"నాకు జెప్పుడేంది? ఆమెకు జెప్పు" అంది.

లచ్చక్క నంబరు మార్తక్క ఫోన్‌లోనే ఉంది. లచ్చక్క కొడుకు ఎప్పుడో ఇచ్చాడట. ఇన్నేళ్ళూ మార్తక్క ఒక్కసారి కూడా కలపలేదు. ఇప్పుడు తనే కలిపి, స్పీకర్ పెట్టి, ఫోన్ నా ఒళ్ళో పెట్టింది. అవతల "ఎవరు?" అన్న ముసలి గొంతు వినబడింది.

"లచ్చక్కా, నేను పక్క క్వార్టర్ తమ్ముణ్ణి. మార్తక్క పిల్లిని సంచిల కట్టి తీస్కపోయింది నేనే. నీ మీద అబద్ధం జెప్పింది నేనే. నన్ను మన్నించు."

అవతల నుంచి మాట లేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. నేను లేవబోయాను. మార్తక్క తన చేతికర్రను గుమ్మానికి అడ్డంగా చాపింది.

"కూసో. మళ్ల జెప్పు. ఆమెకు ఇనపడలేదేమో."

కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.