డీజే కుళ్ళాయమ్మ పుట్టినరోజు

ధర్మవరంలో డీజేలు బోలెడంతమంది ఉన్నారు. కానీ కొంగు నడుముకు దోపుకుని, యాభై దాటాక ఈ పనిలోకి దిగిన మనిషి ఒక్క కుళ్ళాయమ్మక్కే. ఆమె బాక్సులు మోసేది నా గూడ్స్ ఆటో. కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు నాకే ఉంది, ఇంకెవరైనా వేరేగా చెబితే నమ్మకండి. నా పేరు రియాజ్. నాకు కోపం కాస్త ఎక్కువ, అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

ఆమె భర్త బతికున్నప్పుడు మైకుసెట్టు, షామియానాలు బాడుగకు ఇచ్చేవాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలినవి రెండు హారన్ మైకులు, చిరుగుల షామియానా ఒకటి. కూతురు నిర్మల తనకల్లులో కాపురం చేసుకుంటోంది. "మా ఇంట్లోనే ఉండిపోమ్మా" అని ఆ పిల్ల పిలిచింది.

"పొద్దున లేస్తానే మీ అత్త మొగం చూసేదాని కంటే డీజే పెట్టుకునేది మేలు" అంది కుళ్ళాయమ్మక్క.

ఏదో నోటికొచ్చి అందనుకున్నాం. వారం తిరక్కుండానే నా బండెక్కి హిందూపురం పోయింది. మొహిద్దీన్ సాబ్ అంగడిలో రెండు బేస్ బాక్సులు, యాంప్లిఫయరు, మిక్సరు, పాత లాప్‌టాప్ కంతుల మీద తెచ్చుకుంది. నెలకు పన్నెండు వేలు కట్టాలి. కట్టలేకపోతే సామాను వెనక్కి వెళ్ళిపోతుంది. సాబ్ మంచివాడే, కానీ అంగడి పెట్టుకున్నది పుణ్యానికి కాదు కదా!

మిక్సరు నిండా ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకు తెలుగే అంతంత మాత్రం. ఏం చేసిందనుకున్నారు? బొట్టుబిళ్ళల అట్ట ఒకటి కొని, బేసు మీట మీద ఎర్ర బిళ్ళ, మైకు మీట మీద పచ్చ బిళ్ళ, ఎకో మీద నల్ల బిళ్ళ అంటించేసింది. మొదట్లో ఒక పెళ్ళిలో తాళి కట్టే సమయానికి చావు పాట మోగించి, పెళ్ళికొడుకు మేనత్త చేత నానా తిట్లూ తింది. అయినా ఆర్నెల్లలో చేయి తిరిగింది. కుర్చీలో కూర్చున్న ముసలమ్మలను కూడా లేపి ఆడించేది. వడ్డన మొదలు కాగానే బేసు తగ్గించేది. "సాంబారు ఎగిరి ఎవురి పట్టుచీర మీదన్నా పడితే నా కూలి దానికే సరిపోతాది" అనేది.

పని బాగానే వచ్చింది. డబ్బే రాలేదు. దానికి కారణం ఒక్కటే, చుట్టరికం. బేరం మొదలుపెట్టేటప్పుడు అందరూ ఆమెను "ఏమమ్మా" అంటారు. రేటు చెప్పగానే "అక్కా" అంటారు, అయిదు వందలు తగ్గిపోతాయి. "అత్తా" అంటే వెయ్యి తగ్గుతుంది. ఇక "పిన్నమ్మా" అన్నారంటే నా డీజిలు కూడా గిట్టదు. ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఆమెకు చుట్టాలు కానివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే కరెంటు బిల్లు కొట్టేవాళ్ళే. కనగానపల్లిలో ఒకాయన రోజంతా పాటలు వేయించుకుని రెండు మూటల శనక్కాయలు ఇచ్చి పంపాడు. బత్తలపల్లిలో జాకెట్టు ముక్క, గుమ్మడికాయ ఇచ్చారు. గుమ్మడికాయను సాబ్ కంతు కింద జమ చేసుకుంటాడా, మీరే చెప్పండి. ఇంతలోనూ నా బాడుగ మాత్రం ఆమె ఏనాడూ ఎగ్గొట్టలేదు. అందుకే నాకు ఒళ్ళు మండేది.

అందరికంటే ఘనుడు పెనుకొండ లక్ష్మన్న. ఎరువుల అంగడి, రెండంతస్తుల మేడ, బంగారు గొలుసు, అన్నీ ఉన్నాయి. జూన్ నెలలో పెద్దమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకుని కుళ్ళాయమ్మక్కను పిలిచాడు. పన్నెండు వేలకు బేరం కుదిరింది. ఆ నెల కంతు దాంతోనే కట్టాలని ఆమె లెక్క. అడ్వాన్సు అడిగితే, "మన మధ్య అడ్వాన్సు యాంది పిన్నమ్మా!" అన్నాడు. పిన్నమ్మా అన్నప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది.

పొద్దున్నుంచి ఆమె వాయించిన పాటలకు పెనుకొండ సగం ఊగిపోయింది. భోజనాలయ్యాక చదివింపులు మొదలయ్యాయి. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివే తంతు మీకు తెలిసిందే. మైకు కుళ్ళాయమ్మక్కదే. దాన్ని లక్ష్మన్న చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"ధర్మవరం మా పిన్నమ్మ, డీజే కుళ్ళాయమ్మ గారు, మా అమ్మాయికి చదివించినది అక్షరాలా పన్నెండు వేల రూపాయలు!"

జనమంతా చప్పట్లు కొట్టారు. తన కూలి ఇస్తున్నట్టు ప్రకటించాడేమోనని అక్క కూడా నవ్వుతూ దండం పెట్టింది. ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు. "ఎంత మనసమ్మా నీది!" అని పొగిడారు. పిల్లను దీవించమని ఆమె చేతికి అక్షింతలిచ్చారు. అక్షింతలు వేస్తూ వేస్తూ ఉండగా ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. అప్పటికి అర్థమైంది, పాపం.

నేను ఊరుకుంటానా? బాక్సులు బండికెక్కిస్తూ లక్ష్మన్నను పట్టుకున్నాను. "ఏమప్పా, అక్క దుడ్లు యాడ?"

"చదివించింది గదప్పా, నువ్వే విన్నావు గదా. చదివించిన దుడ్లు ఎనక్కడిగితే బిడ్డకు అచ్చిరాదు" అన్నాడు. ఎంత నిబ్బరంగా అన్నాడంటే, ఒక్క క్షణం నేనే తప్పు చేస్తున్నానా అనిపించింది. ఆమె వైపు తిరిగి, "పిన్నమ్మా, మీ ఇంట్లో ఫంక్షన్ అయితే నేను చదివించనా? నీకంటే ఒక్క రూపాయి ఎక్కువే చదివిస్తా, చూడు" అని కూడా అన్నాడు.

దారి పొడుగునా నేను వాడి ఏడు తరాలనూ తిడుతూనే బండి తోలాను. ధర్మవరం దగ్గర పడ్డాక అక్క అంది, "నా బిడ్డ పెండ్లయిపాయ. మనవరాలి చెవులు కుట్టేది వాళ్ళ ఊర్లో అయిపాయ. ఇంగ మా ఇంట్లో ఫంక్షన్ అంటే నా దినమే రియాజూ. దానికి చదివింపులు కూడా ఉండవు."

నవ్వాలో ఏడవాలో తెలియక హారన్ కొట్టాను.

రెండు రోజుల తర్వాత హిందూపురం వెళ్ళి మొహిద్దీన్ సాబ్ ముందు కూర్చున్నాం. ఆయన టీ తెప్పించి, అంతా విని, తల పట్టుకున్నాడు. "జూలై అయిదు దాకా చూస్తానమ్మా. ఆ పైన యాంప్లిఫయరు తీసుకొచ్చేయండి. నాకూ పైన కట్టాల్సినోళ్ళు ఉండారు" అన్నాడు. తర్వాత ఆమెను నవ్విద్దామని కాబోలు, "మీ పుట్టినరోజు గూడా దగ్గరికొచ్చినట్టుండాదే! ఆధార్ జిరాక్సులో చూసినాను, జూలై ఒకటి" అన్నాడు.

"నేను ఏ దినం పుట్టినానో మా అమ్మకే గుర్తులేదు సాబ్. కార్డు రాసిన యప్ప నాకు తెలీదంటే జూలై ఒకటి అని కొట్టేసినాడు. మా వీధిలో సగం మందిమి ఆ పొద్దే పుట్టినాము" అంది అక్క. అని, టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపు చూస్తే నాకు భయమేసింది.

"రియాజూ, పుట్టినరోజు ఫంక్షనే గదా?"

అంతే! మరునాడు వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అక్క ఫొటో, వెనకాల సింహం, పైన మెరుపులు. సింహం ఎందుకక్కా అంటే, "ఫ్లెక్సీ అబ్బోడు ఊరికే వేసిస్తానన్యాడు" అంది. డబ్బులు సరిగ్గా ఇవ్వని ఇళ్ళన్నిటికీ ఫోన్ చేసి మరీ పిలిచింది. ఫ్లెక్సీలో తన పేరు కంటే పెద్ద అక్షరాలతో 'ముఖ్య అతిథి: పెనుకొండ శ్రీ లక్ష్మన్న గారు' అని వేయించి, ఆయన ఫొటో కూడా పెట్టించి, దాన్ని ఆయన ఫోనుకు పంపింది. వస్తాడా రాడా అని నాకు అనుమానం. తన ఫొటో ఉన్న ఫ్లెక్సీ చూడకుండా ఉండగలిగే మనిషి కాదని ఆమెకు గట్టి నమ్మకం.

జూలై ఒకటిన వీధిలో షామియానా వేశాం. వంటకు సామాను అంగట్లో అప్పు, చట్నీకి మాత్రం కనగానపల్లి శనక్కాయలు. ఓళిగలు, చిత్రాన్నం, అన్నం, సాంబారు. నిర్మల తనకల్లు నుంచి కేకు తెచ్చింది. కూతురు నోట్లో కేకు ముక్క పెడితే అక్కకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "ఈ వయసులో నాకు పుట్టినరోజేందే!" అంటూనే ఇంకో ముక్క తింది. డబ్బు కోసం మొదలుపెట్టిన పని అయినా, ఆ కాసేపు ఆమె నిజంగానే సంతోషపడింది.

జనం నవ్వుకుంటూనే వచ్చారు. తిన్నాక నవ్వు తగ్గించి చేతులు జేబుల్లో పెట్టారు. భోంచేసి చదివించకుండా పోయే అలవాటు మా వైపు లేదు. నూట పదహార్లు, రెండు నూర్లు, అయిదు నూర్ల పదహార్లు, ఒక్కొక్క పేరూ అక్కే మైకులో చదివింది. అన్నీ కలిపితే వంట అప్పు తీరుతుంది. కంతు మాత్రం ఇంకా లక్ష్మన్న జేబులోనే ఉంది.

భార్య సుధతో కలిసి లక్ష్మన్న కారులో దిగాడు. ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. అక్కకు శాలువా కప్పాడు. ఓళిగలు లెక్క లేకుండా లాగించాడు. చేయి కడుక్కుని మెల్లగా కారు వైపు నడిచాడు. కారు వెనకాల నా బండి అడ్డంగా ఉంది.

"బండి తియ్యప్పా" అన్నాడు.

"స్టార్ట్ కావడం లేదన్నా. బ్యాటరీ" అన్నాను. అల్లా క్షమించుగాక.

అప్పుడే పచ్చ బిళ్ళ మీట పైకి జరిగింది. "అందరూ ఒక్క నిమిషం ఇనండప్పా. ఇప్పుడు పెనుకొండ లక్ష్మన్న చదివిస్తాడు. ఆ యప్ప బిడ్డ ఫంక్షన్‌లో నా పేరుతో పన్నెండు వేలు చదివినాడు. మా ఇంట్లో ఫంక్షన్ అయితే రూపాయి ఎక్కువే చదివిస్తానని నోటితో చెప్పినాడు. మాట తప్పే మనిషి కాదు!"

వీధి వీధంతా చప్పట్లు. లక్ష్మన్న నెత్తుటి చుక్క లేని ముఖంతో చుట్టూ చూశాడు. సుధ మాత్రం చప్పుడు చేయకుండా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి నోట్లు ఆయన చేతిలో పెట్టింది. ఆమెకు ఈ సంగతి అంతకుముందు తెలుసో లేదో గానీ, ఆ రోజు మొగుడి వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

ఇక తప్పదని తెలిశాక లక్ష్మన్న హుషారు తెచ్చుకున్నాడు. మైకు లాక్కుని, "మా పిన్నమ్మకు పన్నెండు వేల ఒక్క రూపాయి చదివిస్తాండా!" అని అరిచాడు. మళ్ళీ చప్పట్లు. డబ్బు ఆమె చేతిలో పెడుతూ, మైకు పక్కకు తిప్పి నవ్వాడు. "వచ్చే నెల మా చిన్నోడికి పంచెల ఫంక్షన్ ఉండాది పిన్నమ్మా. డీజే నీదే. దీనికి పైన ఇంకో రూపాయి ఏసి నువ్వు చదివించాల, మర్చిపోవద్దు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంటే ఈ డబ్బు నెల తిరిగేసరికి మళ్ళీ వాడి ఇంటికే! మళ్ళీ రోజంతా ఊరికే పాటలు! తన్నేద్దామని ముందుకు దూకబోయాను. అక్క చేత్తో నన్ను ఆపింది. నోట్లు లెక్క పెట్టుకుని కొంగున ముడేసుకుంది. రూపాయి బిళ్ళ మాత్రం తీసి లక్ష్మన్న అరచేతిలో పెట్టింది. మైకు తీసుకుంది.

"ఈ రూపాయి నీదే నాయనా. పన్నెండు వేలు చదివింపు కాదు, కూలి. నీ బిడ్డ ఫంక్షన్‌లో పొద్దున్నుంచి నిలబడి పాటలేసినానే, దాని కూలి. ఆ పొద్దు నేను నీకు చదివించిందీ లేదు, ఈ పొద్దు నువ్వు నాకు చదివించిందీ లేదు. అందరూ ఇన్నారు గదా? నా కూలి నాకు ముట్టింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శనక్కాయల కనగానపల్లి ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. లక్ష్మన్న ఏదో అనబోయి, సుధ మోచేత్తో పొడిస్తే ఆగిపోయాడు. చెమట తుడుచుకుంటూ కారు వైపు అడుగులేశాడు. నా బ్యాటరీ వెంటనే బాగైపోయింది, బండి తీసి దారిచ్చాను.

"లక్ష్మన్నా!" అంది మైకు.

ఆయన ఆగాడు.

"కూలి కూలే. మరి భోంచేసినావు గదా, చదివింపు యాడ?"

వీధి పగలబడి నవ్వింది. సుధ కూడా నవ్వు ఆపుకోలేక, ఆయన చొక్కా జేబులో చేయి పెట్టి నోట్లు బయటికి లాగి, తానే వచ్చి అక్క చేతిలో పెట్టింది.

కుళ్ళాయమ్మక్క ఎకో మీట పైదాకా జరిపింది. "పెనుకొండ లక్ష్మన్న, సుధ దంపతులు, అయిదు నూర్ల పదహార్లు! ఇది మాత్రం చదివింపే. వచ్చే నెల మీ చిన్నోడి ఫంక్షన్‌కు వచ్చి, భోంచేసి, తిరిగి చదివించి పోతా. పాటలు కావాలంటే పదైదు వేలు, అడ్వాన్సు ముందియ్యాల."