చదునైన వీల్ కప్పులు

మా ఆయన కాజీపేట స్టేషన్ దగ్గర టాక్సీ నడిపేవాడు. నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కారు ముక్కు నున్నగా ఉంటే గాలి జారిపోతుందని ఆయనకు తెలుసు. చక్రాల దగ్గర కూడా గాలి అడ్డుపడుతుందంటే మాత్రం నమ్మలేదు.

"చక్రం పై అంచు కారుకు రెండింతల వేగంతో ముందుకు పోతది. టైరు మీది గూట్లో గాలిని కవ్వం లెక్క చిలుకుతది. ఆ గాలే కారును వెనక్కి గుంజుతది" అన్నాను.

"గట్లనా టీచరమ్మా? అయితే చక్రాల బొక్కలు మూసేద్దాం!"

ఆ వారమే ప్లాస్టిక్ షీటు గుండ్రంగా కోసి నాలుగు చక్రాలకూ చదునైన కప్పులు బిగించాడు. బ్రేకులు వేడెక్కకుండా చుట్టూ సన్నటి సందు వదలమన్నాను. ఆదివారం పొద్దున ఖాళీ బైపాస్ మీద ఎనభైలో న్యూట్రల్ చేసి కారును వదిలేశాడు. వేగం నలభైకి పడేలోపు ఎంత దూరం పోతుందో తెలియడానికి నేను కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు మోసం చేయకుండా రెండు దిక్కులా, కప్పులు పెట్టి, తీసి, ఎన్నిసార్లో చూశాం. చివరికి కప్పులతో కారు అదనంగా పోయింది రెండు స్తంభాల మధ్య దూరంలో సగం కూడా లేదు.

"ఇంతేనా?" అన్నాను.

"తక్కువనా ఏంది! పెట్రోల్ పొయ్యకుండనే వచ్చినం గద" అని స్టీరింగ్ మీద దరువేశాడు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, హైదరాబాద్ నుంచి ముగ్గురిని తీసుకొస్తుంటే ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కారు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, "జర నీళ్లియ్యండి" అన్నాడట. దవాఖానకు చేరేలోపే పోయాడు. ఎక్కినవాళ్లకు గీత కూడా పడలేదని అందరూ మెచ్చుకున్నారు. నాకా మాటలు వినబుద్ధి కాలేదు. నాతో చెప్పకుండా ఎన్నాళ్లు ఆ నొప్పిని దాచాడో అన్నదొక్కటే నన్ను తొలిచేసింది.

నాకు డ్రైవింగ్ రాదు. నాలుగు నెలలకు కారు అమ్మేశాను. కొన్న డ్రైవర్ చక్రాలు చూసి, "ఇవేందక్కా, చూడనీకి మంచిగ లేవు, తీసేస్త" అన్నాడు. వాకిట్లోనే నిలబడి అతనికి పాఠమంతా చెప్పాను. స్తంభాల లెక్క దగ్గరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకున్నాను. అతను తల వంచుకుని, "ఉండనిస్తలే అక్కా" అన్నాడు.

మొన్న కాజీపేటలో రైలు దిగితే బయట మా కారు కనిపించింది. మా చదునైనవి పోయి, చక్రాలకు మెరిసే కొత్త కప్పులున్నాయి. డ్రైవర్ కారు కొన్న అతనే, కానీ నన్ను గుర్తుపట్టలేదు.

"ఎక్కడికమ్మా, హన్మకొండనా?" అంటూ వెనక తలుపు తెరిచాడు.

ఆ కారులో నేనెప్పుడూ ముందు సీట్లోనే కూర్చున్నాను. వద్దని తల ఊపి, ఆటో ఎక్కి, ఇల్లు వచ్చేదాకా ఏడ్చాను.