మొహాలు తీసేసిన పేజీ

నస్పూర్‌లో వందనను ఎరగనివాళ్లెవరైనా ఉంటే వాళ్లు మొన్ననే కాలనీకి వచ్చినవాళ్లయి ఉండాలి. మనిషి చూస్తే బక్కపలచన, నోరు విప్పిందా మైకు అక్కర్లేదు. కూరగాయల బండివాడు ఆమె గేటు ముందు ధర చెప్పడానికి ముందే తగ్గించుకుని చెబుతాడు. అంతటి వందన, మంచిర్యాల ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు మాత్రం నోట మాట లేని మనిషైపోతుంది. మూడు వారాలకోసారి ఆ మెట్లెక్కుతుంది మరి. పక్కన ఏడేళ్ల చింటూ ఉంటాడు.

చింటూకు తలసేమియా. ఒంట్లో రక్తం తనంతట తాను సరిగ్గా తయారు కాదు. బయటి నుంచి ఎక్కించాల్సిందే, ఈ నెలా వచ్చే నెలా అని కాదు, ఎప్పటికీ. పిల్లవాడికి ఏడాది నిండకముందే డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు వందన భర్త సుధాకర్ గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు. బొగ్గుబావిలో అంత లోతుకు దిగి వచ్చే మనిషి, ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగలేకపోయాడు.

మొదటి సీసా ఇచ్చింది రాయమల్లు. సుధాకర్‌తో పాటు బావిలో పనిచేసే పెద్దాయన. షిఫ్టు దిగి, మొహం కడుక్కుని, చెవుల వెనక నలుపు అలాగే ఉండగా వచ్చి పడుకున్నాడు. "నా రక్తం నల్లగుంటదేమో సూస్కోండ్రి మరి" అని నర్సును నవ్వించాడు కూడా. ఆ తర్వాత ఆయన తమ్ముడు, ఆ తమ్ముడి దోస్తులు, బెల్లంపల్లి నుంచి ఒక ఆటో డ్రైవరు, ఇలా ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇప్పుడు వందమంది దాకా ఉన్నారు. అడగని వాళ్లు కూడా వచ్చి ఇచ్చిపోయారు. తలచుకుంటే వందనకు ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏమిస్తే ఆ రుణం తీరుతుంది చెప్పండి?

ఆమె చేతనైంది ఒకటుంది. వందన కరీంనగర్‌లో దర్జీ ముత్తయ్య కూతురు. తండ్రి కుట్టుమిషను చప్పుడు వింటూ డిగ్రీ చదివింది, వెబ్‌సైట్లు చేయడం నేర్చింది. పెళ్లయి నస్పూర్ వచ్చాక కూడా కరీంనగర్ ఆఫీసు పని ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఒక పక్క పప్పు ఉడుకుతుంటుంది, ఇంకో పక్క ల్యాప్‌టాప్‌లో ఎవరిదో ఫంక్షన్ హాలు పేజీ తయారవుతుంటుంది. రక్తం కావలసిన వాళ్లు దాతల నంబర్లు వెతుక్కోవడానికి తానే ఒక పేజీ కట్టింది. దానికి కాలనీవాళ్లు పెట్టిన పేరు 'చింటూ పేజీ'.

ఆహా, ఏం కట్టిందనుకున్నారు! మన దగ్గర ఒకరికి కృతజ్ఞత చెప్పాలంటే ఫ్లెక్సీ కట్టాలి కదా. ఫ్లెక్సీలో ఒకరి మొహం తప్పిపోయిందో, ఆ ఇంటితో మాటలు బంద్. అందుకని వందన ఒక్కరినీ వదల్లేదు. ప్రతి దాత ఫొటో నిలువెత్తున, చుట్టూ బంతిపూల దండ, ఆ దండ ఊగుతుంటుంది కూడా. పేజీ తెరవగానే చింటూ చేతులు జోడించి దండం పెట్టే వీడియో, వెనకాల పాట. ఆ ఫొటోల్లో బెల్లంపల్లి ఆటో డ్రైవరు సాయిచంద్‌ది అయితే మరీ సొంపు. ఆటో పక్కన నిలబడి మీసం మెలేసిన ఫొటో. బెల్లంపల్లిలో అతనికి పిల్లనిచ్చినవాళ్లు ఆ పేజీ చూసే "పిలగాడు మంచోడు" అనుకున్నారట. పెళ్లికి వందనకు చీర పెట్టాడు.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం చింటూకు రక్తం ఎక్కుతుండగా వందన వరండాలోకి వచ్చింది. అక్కడ బెంచీ మీద ఒక ముసలామె పగిలిన అద్దం ఉన్న ఫోన్ను ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉంది. పేరు యాదవ్వ, జన్నారం అవతలి పల్లె. కూతురు కాన్పు వార్డులో ఉంది, రక్తం తక్కువుంది, దాతను తెచ్చుకోమన్నారు.

"గీ ఫోన్ల ఏదో పేజీ ఉందట బిడ్డా, అండ్ల రక్తమిచ్చెటోళ్ల నంబర్లు ఉంటయన్నరు. పొద్దటి సంది తిరుగుతనే ఉంది గని తెరుసుకుంటలేదు. దుకాణపాయన్ని అడిగితె ఫోను పాతదైంది, కొత్తది కొనుమన్నడు. బాగనే మాట్లాడుతది గద, ఎందుకు పారెయ్యాలె?"

వందన వంగి చూసింది. తన పేజీయే. తెర మీద రాయమల్లు నుదురు వచ్చింది, కనుబొమ్మల దాకా. అంతే, అక్కడ ఆగిపోయింది. కింద గుండ్రటి చక్రం తిరుగుతోంది. నంబరు ఎక్కడో ఆ వందమంది మొహాల కింద ఉంది.

వందన తన ఫోన్లో నంబరు వెతికి, ఇద్దరికి ఫోన్ చేసి, ఒకరిని రప్పించింది. యాదవ్వ కూతురికి గండం గడిచింది. యాదవ్వ ఆమె గడ్డం పట్టుకుని "నీ కడుపు సల్లగుండ" అంది. ఆ దీవెన వందనకు ముల్లులా గుచ్చుకుంది. ఫోనుకు ఏ రోగమూ లేదు. లావెక్కింది తన పేజీ. పొగడ్తలు, పూలదండలు, పాటలు మేసి లావెక్కింది.

ఆ సాయంత్రం సుధాకర్‌కు చెప్పింది. అతను చాయ్ తాగుతూ నవ్వాడు.

"మొన్న నువ్వే చెప్పినవు గద. పేజీలన్ని యాడనో పెద్ద పెద్ద మిషన్ల ఉంటయి, అవి రాత్రింబవళ్లు కరెంటు తాగుతయి, సల్లగుంచనీకె మళ్ల కరెంటు కావాలె అని. గా కరెంటు యాడికెల్లి వస్తుంది? నేను తవ్వితేనే గద! నీ బంతిపూలు ఊగనీకె నేను ఇంకో తట్ట బొగ్గు తియ్యాల్నా?"

"నవ్వకు. నాకు పరేషాన్‌గ ఉంది."

"అయితె తీసెయ్."

"ఎట్ల తీసెయ్యాలె? నా కొడుక్కు రక్తమిచ్చినోళ్ల మొహాలు అవి! కోపమొచ్చి రేపటి సంది ఎవరు రాకపోతె?"

సుధాకర్ నవ్వు ఆగిపోయింది. ఆమె భయమల్లా అదే. పేజీ పోతే ఇంకోటి కట్టుకోవచ్చు, ఆ మనుషులు పోతే చింటూ సంగతేంటి? అలాగని అవి ఉంచితే, యాదవ్వలాంటి వాళ్లు ఆసుపత్రి బెంచీల మీద చక్రం చూస్తూ కూర్చోవాలి. రెండు రోజులు కూర మాడ్చింది, మూడో రోజు రాయమల్లు ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఓస్, గింతేనా బిడ్డా?" అన్నాడు రాయమల్లు. "ముందుగాల నాదే తీసెయ్. నా నెత్తి అడ్డమొచ్చి ఒక ఆడపిల్లకు రక్తం అందకపోతె నాకు పాపం గాదా?"

ఆ మాట పట్టుకుని వందన పనిలోకి దిగింది. వీడియో తీసేసింది. పాట ఆపేసింది. దండలు తెంపేసింది. సోకు అక్షరాలను ప్రతిసారీ ఎక్కడి నుంచో తెప్పించే ఏర్పాటు మానేసి, ఎవరి ఫోన్లో ఉన్న అక్షరాలతో వాళ్లకు కనబడేలా చేసింది. చివరికి మొహాలు. ఒక్కొక్కటి తీస్తుంటే, ఎవరెవరు ఏ రోజు వచ్చారో గుర్తొచ్చి ఏడ్చింది. వానలో తడుస్తూ వచ్చినవాడు, పెళ్లి విందు మధ్యలో లేచి వచ్చినవాడు. వాళ్ల పేర్లు మాత్రం రక్తం గ్రూపుల వారీగా పెట్టి, పక్కనే నంబర్లు ఇచ్చింది. అన్నింటికంటే పైన, ఆ వారం రక్తం ఎవరికి కావాలో ఒక వరుస పెట్టింది. అడుగున ఒక్క మాట రాసింది: 'మీరందరూ ఉన్నారు కాబట్టే మా చింటూ ఉన్నాడు.' ఒకసారి తెరిస్తే పేర్లు, నంబర్లు ఫోన్లోనే నిలిచిపోతాయి, ఊళ్లో సిగ్నలు లేకపోయినా కనబడతాయి. అంతా అయ్యాక పేజీ తూకం చూస్తే నవ్వొచ్చింది. వందమంది పేర్లు కలిపినా సాయిచంద్ ఒక్క మీసమంత బరువు లేవు.

యాదవ్వకు ఫోన్ చేసి తెరిచి చూడమంది. అవతల అల్లుడి చేతికి ఫోన్ మారింది. "తెరుసుకున్నదక్కా, టక్కున వచ్చింది" అన్నాడతను. వందన ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి వదిలేలోపే సాయిచంద్ ఫోన్ చేశాడు.

"ఏంది అక్కా గిది? నా ఫొటో యాడ పోయింది? మా అత్తగారింట్ల చుట్టాలందరికి సూపెట్టుకుంటరు గద. రాత్రి మా మామ ఫోన్ జేసి, ఏమైంది అల్లుడా, నిన్ను తీసేసిండ్రా అని అడిగిండు. నా ఇజ్జత్ పోయింది!"

వందన చెప్పిందంతా విన్నాడు. విని, "మంచిది, నేను ఇయ్యాల్టి సంది మీ గ్రూపుల లేను" అని పెట్టేశాడు. ఆ మాట ప్రకారం దాతల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి పోయాడు కూడా. తిట్టినా బాగుండేది, మిగతావాళ్లు ఒక్కరూ ఏమీ అనలేదు. వందన పెట్టిన వివరం అందరూ చూశారు, ఒక్క రాయమల్లు దండం బొమ్మ పెట్టాడు, అంతే. అంత నోరున్న మనిషికి ఆ నిశ్శబ్దంతో ఎలా గొడవ పెట్టుకోవాలో తెలియలేదు.

చింటూ మొహం మళ్లీ పాలిపోతూ వచ్చింది. మెట్టెక్కితే ఆయాసపడుతున్నాడు. పేజీలో పై వరుసలో కొడుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆమె చేయి ఆడలేదు. జనం మొహాలు తీసేసి నా కొడుకు పేరు పైన పెడతానా అని కుమిలింది. సుధాకరే పక్కన కూర్చుని పెట్టించాడు. రాయమల్లు ఇచ్చి రెండు నెలలే అయింది, మూడు నిండందే ఆయన మళ్లీ ఇవ్వడానికి లేదు. గ్రూపులో అడిగితే ఒకరు ఊళ్లో లేనన్నారు, ఒకరికి జ్వరం. నిజాలే కావచ్చు. భయపడే మనసుకు అన్నీ సాకుల్లాగే వినబడతాయి.

రక్తం ఎక్కించాల్సిన రోజు ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో చింటూ అడిగాడు, "అమ్మా, ఇయ్యాల ఏ మామ ఇస్తడు?"

ప్రతిసారీ పేరు చెప్పేది. ఈసారి "ఎవరో ఒకరు ఇస్తరు నాన్నా" అని మొహం పక్కకు తిప్పుకుంది.

రక్తనిధి గది తలుపు తీసేసరికి లోపల గోలగోలగా ఉంది. బెంచీ మీద యాదవ్వ. ఒళ్లో ఎర్రటి టోపీ పెట్టిన పసిగుడ్డు. పక్కనే సాయిచంద్, చేతిలో ఆటో తాళాలు, ఎవరితోనో వాదిస్తున్నాడు. మంచం మీద పొడుగాటి మనిషి ఒకడు చేయి చాచి పడుకుని, చిన్న రబ్బరు బంతిని పిసుకుతున్నాడు.

"సూడు అక్కా!" సాయిచంద్ ఆమె మీదికే వచ్చాడు. "పొద్దుగాల్నే బెల్లంపల్లి సంది ఉరికొచ్చిన. నేను రాకముందే నా మంచం మీద వీడు పండిండు. ఎవడో నాకు ఎరికనే లేదు!"

"గ్రూపుల లేనంటివి గద" అంది వందన.

"గ్రూపుల లేను. చింటూగాడికి మామను గాకుంట పోతనా? అలిగిన, గంతే. అలగొద్దా ఏంది?"

నర్సు ఇద్దరినీ కసిరి, "కొట్లాడకుండ్రి, ఇంకో మంచం ఉంది. ఈళ్లు ఇచ్చిన దాని బదులు పరీక్ష జేసిన రక్తం బాబుకు తీసి పెట్టిన" అంది.

యాదవ్వ మనవరాలిని ఎత్తుకుని దగ్గరికి వచ్చింది. "మా అల్లుడు బిడ్డా, హనుమండ్లు. నీ పేజీల నంబర్లు మా ఊరోళ్ల ఫోన్లన్నిట్ల ఉన్నయి ఇప్పుడు. నిన్న చింటూ పేరు సూసిండు. చీకటితోని బస్సెక్కినం."

వందన ఆ మనిషి వైపు చూసింది. దాతల జాబితాలో అతని పేరు లేదు. అతని ఊరి పేరే లేదు. ఇన్నేళ్లూ రక్తం అడగడానికే తప్ప ఇవ్వడానికి ఆ పల్లెలకు దారి ఉందని ఆమెకు తోచనే లేదు. ఏదో చెప్పాలని మంచం దగ్గరికి వెళ్లింది. ఆలోపే చింటూ సూది గుచ్చిన చేతిని చూసి, "నొప్పి లేస్తుందా మామా?" అని అడిగాడు.

"లేదు బాబూ" అన్నాడు హనుమండ్లు. తర్వాత తలెత్తి వందనతో, కొంచెం మొహమాటపడుతూ, "అక్కా, మళ్ల ఎప్పుడు రావాలె?" అన్నాడు.