సంచి ముందు వెళ్ళిన ప్రయాణం

వైజాగు నుంచి హైదరాబాదుకు ఆకాశంలో దాదాపు ఐదువందల కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం అని టికెట్టు అమ్మేవాళ్ళు చెబుతారు. అబద్ధం కాదు. వాళ్ళకి మా అత్తగారు తెలియదు, అంతే.

నేను గాజువాకలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. ఉద్యోగం ఉందో లేదో ఏటా వేసవి చివర్లో తెలుస్తుంది. హైదరాబాదులో ఒక పర్మినెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. వయసు పరిమితి ప్రకారం నాకదే ఆఖరి అవకాశం.

విమానం ఉదయం. నేను బయల్దేరే వేళకి వర్జ్యం ఉందని అత్తగారు పంచాంగం చూసి తేల్చారు. మంచి గడియలో సామాను ముందుగా వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. పరస్థానం అంటారు. నేను పళ్ళు తోముకుంటుండగానే నా ప్రయాణం మొదలైపోయింది. సర్టిఫికెట్లున్న సంచిని ఆవిడ ఎదురింటి వరండాలో కుర్చీ మీద పెట్టొచ్చారు. ఆ ఇంటాయనకి పాత నగరంలో తాళాల దుకాణం.

తయారై వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటికి తాళం.

"కుర్సీ మీదే ఎట్టినాను బాబూ."

"వాళ్ళకి చెప్పారా?"

"సెప్పడమేటి, తెలిసినోల్లే గదా!"

ఆయన ఫోను ఎత్తలేదు. సర్టిఫికెట్లు లేకుండా వెళ్ళి లాభం లేదు. వీధంతా వెతికి మళ్ళీ అదే తాళం ముందు నిలబడ్డాక, ఆయనే ఫోను చేశాడు.

"ఏటి బావా, ఎక్కడున్నావ్? సంచి మర్సిపోయి ఎల్లిపోనావని బండి మీదేసుకుని వచ్చీసినాను. ఏర్‌పోర్టు గేటుకాడ నీకోసం సూత్తన్నాను."

"మీ ఇంటి ముందున్నాను."

"మా ఇంటికాడేటి సేత్తన్నావ్? ఫ్లైటుకి టైమవలేదేటి?"

అక్కడే ఉండమని చెప్పి ఫోను పెట్టేశాను. ఆటో ఎక్కాను.

నేను చేరేసరికి కౌంటరు ఎప్పుడో మూసేశారు. తర్వాతి విమానం దిగేసరికి ఇంటర్వ్యూ అయిపోతుంది. ఆయన సంచిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని గేటు బయట నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదే బావా."

"లేదులే. సంచి టైముకే వచ్చింది. లేటైంది నేను."

ఇద్దరి మధ్యా సంచి పెట్టుకుని ఆయన బండి మీద ఇంటికి, కూర్మన్నపాలెం బయల్దేరాం. ఆయన దారంతా ఏదో ఓదార్పు చెబుతూనే ఉన్నాడు, లారీల హోరులో సగం వినపడలేదు. నేనెక్కని విమానం హైదరాబాదులో దిగే వేళకి మేమింకా గాజువాక సిగ్నలు దగ్గరే ఉన్నాం.

అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు.

"సంచి లోపలికి తేకండి బాబూ. బయల్దేరింది ఎనక్కి రాకూడదు. ఆల్లింట్లోనే ఉండనీండి, ఇంకో ఇంటర్వ్యూ వత్తాది."

వయసు పరిమితి గురించి ఆవిడకి చెప్పే ఓపిక లేకపోయింది. రోడ్డు దాటి, సంచిని మళ్ళీ అదే కుర్చీ మీద పెట్టాను. ఈసారి ఆయనకి చెప్పే పెట్టాను.