అవ్వ పంపిన తేనె

నోట్లో వేసిన బియ్యాన్ని మా అవ్వ ఊసేసింది. అప్పటికే స్నానం చేయించి, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టి, వీధిలో పాడె మీద పడుకోబెట్టాం. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె నోట్లో నాలుగు గింజలు విడుస్తున్నారు. అవ్వ దగ్గింది, కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

ఎవరూ కదల్లేదు. నీళ్ళిచ్చింది డప్పు కొట్టడానికి వచ్చిన మనిషి. తర్వాత అది కూడా ఆమె మీద నేరంగానే చేరింది.

పాడె ఎక్కినవాళ్ళు తిరిగి గడప తొక్కితే, బదులుగా ఆ ఇంట్లో ఇంకొకరు పోతారని మా వాళ్ళ నమ్మకం. లోపల మా అక్క తొలి కాన్పుకు వచ్చి ఉంది. ఎనిమిదో నెల. నాయన తన తల్లిని వెనక సందులోంచి పశువుల కొట్టానికి నడిపించాడు.

ఇది పందొమ్మిది వందల యాభైల చివరినాటి మాట. నేను మదురైలో ఒక దినపత్రికలో కొత్తగా చేరి, సెలవుకు వచ్చి ఉన్నాను. పొదుపుగా రాయడం వచ్చినవాణ్ణని చుట్టాలకు పంపే చావు టెలిగ్రాములు నా చేతే రాయించారు. తప్పు దిద్దుతూ ఇంకో తంతి ఇద్దామన్నాను.

"దూరపోళ్ళంతా ఈపాటికి తలకు పోసుకొని ఉంటారు. ఇప్పుడు లేచినాదని రాస్తే ఊరు నగతాది" అన్నాడు నాయన. ఆ తంతి నేను ఇవ్వలేదు.

మా వీధిలో పుట్టిన బిడ్డలందరికీ నాలుక మీద మొదటి తేనెచుక్క పెట్టింది అవ్వే. పెట్టినవారి గుణం బిడ్డకు వస్తుందంటారు. సేత్తూరులో సేద్యం చేసే చిన్నాయన వచ్చి ఆమెను తీసుకుపోతానన్నాడు. మనవరాలి బిడ్డకు తేనె పెట్టాకే వస్తానంది.

నెల తిరిగేసరికి అక్కకు ఆడపిల్ల పుట్టింది. అవ్వను లోపలికి రానివ్వలేదు. ఆమె చిన్న గిన్నెలో తేనె పంపింది. అమ్మ దాన్ని పెరట్లో పారబోసి, వేరే తేనె తన వేలితో పెట్టి, ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి కొట్టం దగ్గరికి వెళ్ళింది.

"ఎవురి తేనె పెట్టినారు కోడలా?"

"మీరు పంపిందే, అత్తా."

"అట్లయితే గయ్యాళి అయితాది. దాని వాయి మీరు మూయించలేరు." అవ్వ చాలాసేపు నవ్వింది.

బిడ్డను ఆమెకు చూపించలేదు. పురుడు కానీ అన్నారు, తర్వాత ఎండలన్నారు. బిడ్డకు మూడో నెలలో అవ్వ కొట్టంలోనే పోయింది. ఈసారి ఎవరికీ తంతులు ఇవ్వలేదు. ఒకసారి ఏడ్చాం కదా అన్నారు ఆడవాళ్ళు. చిన్నాయన ఒక్కడే నోట్లో బియ్యం వేసి, కాసేపు ఆగి చూశాడు.

నాయన బతికినంతకాలం పాడె కట్టిన మొదటి రోజు లెక్కనే ఏటా అవ్వ తిథి పెట్టాడు. రెండోది ఒప్పుకుంటే, బతికున్న తల్లిని కొట్టంలో ఉంచానని ఒప్పుకోవాలి. చిన్నాయన రెండో రోజుకే పెట్టాడు. ఇద్దరూ పోయారు. ఇప్పుడు నేను నాయన రోజున, చిన్నాయన కొడుకు వాళ్ళ నాయన రోజున పెడుతున్నాం. అవ్వ తేనె తాగి పెరిగానని నమ్మే అక్క కూతురు, ఆమెకు ఏ రోజున దీపం పెట్టాలో చెప్పమని ఏటా ఉత్తరం రాస్తుంది. నేనింకా జవాబు రాయలేదు.